జుగ్‌స్పిట్జ్ శిఖరానికి నాలుగు నడక దారులు: మీకు ఏది సరిపోతుంది?

జూన్ వచ్చిందంటే మ్యూనిక్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు అడుగుతారు: "ఈసారి జుగ్‌స్పిట్జ్ నడిచి ఎక్కుదామా?" అరగంటలో ఇరవై బొటనవేళ్లు లేస్తాయి. ఆ వెంటనే ఇంకెవరో మంచు మీద నడుస్తున్న ఫొటో పెడతారు, ఇక అందరికీ ఆ దారే కావాలి. తీరా శనివారం పొద్దున స్టేషన్‌కి వచ్చేది నలుగురు. ఆ నలుగురిలో ఒకడు కాన్వాస్ బూట్లు వేసుకుని ఉంటాడు.

కొన్నేళ్ల కిందట ఆ కాన్వాస్ బూట్లవాణ్ణి నేనే. ఆ తర్వాత మూడు దారుల్లో పైకి చేరాను, నాలుగో దారి సగంలో వెనక్కి తిరిగాను. ఎవరు అడిగినా చెప్పిందే చెబుతున్నాను కాబట్టి, ఒకసారి రాసి పెడితే పోతుందని ఇది.

కొండ సంగతి రెండు ముక్కల్లో. ఎత్తు 2,962 మీటర్లు. జర్మనీలో ఇంతకంటే ఎత్తైనది లేదు. శిఖరం మీదుగానే ఆస్ట్రియా సరిహద్దు పోతుంది. మన ఆంధ్రలో అతి ఎత్తైన జిందగడ 1,690 మీటర్లు. ఇక్కడ దాదాపు అంత ఎత్తులో ఇంకా గడ్డి, పైన్ పొదలు దాటుతూ ఉంటాం, అసలు ఎక్కుడు అక్కడి నుంచే. నమోదైన మొదటి ఆరోహణ 1820 ఆగస్టు 27న జరిగింది. కొలతల కోసం వచ్చిన యోసెఫ్ నౌస్ అనే సైనికాధికారి మరో ఇద్దరితో కలిసి ఎక్కాడు. 1926లో ఆస్ట్రియా వైపు నుంచి కేబుల్ కార్, 1930లో జర్మనీ వైపు నుంచి పళ్ల చక్రాల రైలు వచ్చాయి. 2017 డిసెంబర్‌లో ఐబ్‌సే చెరువు నుంచి కొత్త కేబుల్ కార్ మొదలైంది. దానికి ఒకే ఒక్క స్తంభం, ఎత్తు 127 మీటర్లు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దారి ఎంచుకోవడంలో దీని పాత్ర పెద్దది. పైన కేబుల్ కార్ ఉంది కాబట్టి మీరు నడిచి దిగనక్కర్లేదు. పది గంటలు చెమటోడ్చి పైకి చేరేసరికి పక్కన చంటిపిల్లల బండితో ఒక కుటుంబం ఐస్‌క్రీమ్ తింటూ కనిపిస్తుంది. మొదటిసారి కాస్త ఉక్రోషంగా ఉంటుంది. ఆ తర్వాత మోకాళ్లు గుర్తొచ్చి, దిగే టికెట్ కౌంటర్ ఎక్కడుందో వెతుక్కుంటాం.

## దారి కంటే ముందు మీ గురించి

అందరూ అడిగేది "ఎంత కష్టం?" అని. ఆ ప్రశ్నకి జవాబు లేదు, ఎందుకంటే కష్టాల్లో రెండు జాతులున్నాయి. ఒకటి కాళ్లది, రెండోది తలది. రోజూ జిమ్‌కి వెళ్లే మనిషి నిటారు రాతి మీద కింద మూడు వందల మీటర్ల ఖాళీ చూసి బిగుసుకుపోవడం నేను కళ్లారా చూశాను. అరవై దాటిన బవేరియా పెద్దాయన అదే చోట ఈల వేసుకుంటూ వెళ్లడమూ చూశాను. కాబట్టి మొదటి కొలత ఎత్తంటే మీకు భయం ఎంత అన్నది. అపార్ట్‌మెంట్ పదో అంతస్తు బాల్కనీలోంచి కిందికి చూస్తే అరికాళ్లు జివ్వుమంటాయా? అయితే కింది నాలుగింట్లో రెండు దారులు ఇప్పటికి పక్కన పెట్టేయండి.

రెండోది ఒక్క రోజులో ఎక్కగల ఎత్తు. కొండల్లో కిలోమీటర్లకి విలువ తక్కువ, పైకి ఎన్ని మీటర్లన్నదే లెక్క. మామూలు మనిషి గంటకి 300 నుంచి 400 మీటర్లు ఎక్కుతాడు. ఇక్కడ ఎక్కాల్సింది, దారిని బట్టి, 1,600 నుంచి 2,200 మీటర్లు. మన కొలతలో చెప్పాలంటే దాదాపు మూడు అలిపిరులు ఒకదాని మీద ఒకటి, మధ్యలో నీడ పందిళ్లు లేకుండా. మీ సత్తా తెలుసుకోవడానికి కొండ కింది ఊరు గార్మిష్‌లోనే వాంక్ అనే కొండ ఉంది. దాదాపు వెయ్యి మీటర్ల ఎక్కుడు. దాన్ని మూడు గంటల్లోపు ఎక్కి, మర్నాడు మెట్లు మామూలుగా దిగగలిగితే మీ కాళ్లు సిద్ధం.

మూడోది మీ చేతిలో ఉన్న రోజులు. రెండు రోజులుంటే దారి మధ్యలో హ్యుట్టెలో పడుకోవచ్చు. హ్యుట్టె అంటే కొండ మీది సత్రం అనుకోండి: వేడి తిండి, వరసగా పరుపులు, రాత్రి పదింటికి దీపాలు బంద్.

ఇక సామాన్ల సంగతి. హెల్మెట్, నడుముకి హార్నెస్, ఇనుప తాడుకి తగిలించుకునే రెండు కొక్కేల సెట్, మంచు మీద బూట్లకి కట్టుకునే ముళ్లు, అన్నీ గార్మిష్‌లో అద్దెకి దొరుకుతాయి. వాటిని వాడే అలవాటు మాత్రం అద్దెకి దొరకదు.

| దారి | మొదలు | ఎక్కే ఎత్తు, సమయం (సుమారు) | ఎత్తు భయం ఉంటే | కావాల్సినవి |
|---|---|---|---|---|
| రైన్‌టాల్ | గార్మిష్ స్కీ స్టేడియం | 2,200 మీ., 8–10 గంటలు, 21 కి.మీ. పైనే | చివరి గంట తప్ప పర్వాలేదు | మంచి బూట్లు, వీలైతే రెండు రోజులు |
| గాటర్ల్ | ఎర్వాల్డర్ ఆల్మ్ (ఆస్ట్రియా) | 1,600–1,700 మీ., 6–8 గంటలు | చివరి గంట తప్ప పర్వాలేదు | మంచి బూట్లు, తొందరగా బయల్దేరడం |
| ష్టోప్సెల్‌త్సీయర్ | ఐబ్‌సే చెరువు | 2,000 మీ., 6–7 గంటలు | కష్టమే | హెల్మెట్, హార్నెస్, కొక్కేల సెట్ |
| హ్యోలెన్‌టాల్ | హామర్స్‌బాఖ్ | 2,200 మీ., 7–9 గంటలు | వద్దు | పై మూడూ, మంచు ముళ్లు, గైడ్ |

## రైన్‌టాల్: పొడవైనది, ఓపికగలవాళ్లది

1820లో నౌస్ బృందం వెళ్లింది ఈ లోయలోంచే. పార్ట్‌నాఖ్ అనే ఇరుకు లోయలోంచి మొదలవుతుంది. రాతిని తొలిచిన బాట, పక్కనే తెల్లగా నురగలు కక్కే నీళ్లు, పైనుంచి తల మీద చినుకులు. ప్రవేశ రుసుము ఉంది, తెరిచే వేళలున్నాయి. మరీ తెల్లవారుజామున వెళ్లేవాళ్లు పక్క దారి చూసుకోవాలి.

ఆ తర్వాత గంటల తరబడి దాదాపు చదునుగా నడక. బాక్ హ్యుట్టె దాటి 1,370 మీటర్ల దగ్గర రైన్‌టాలాంగర్ హ్యుట్టె వస్తుంది. ముందు నది ఒడ్డు, పైన గాలికి రెపరెపలాడే టిబెట్ ప్రార్థన జెండాలు. ఇక్కడే చాలామంది మోసపోతారు. నాలుగైదు గంటలు నడిచేశాం, అలసట లేదు, దారి తేలిక అనుకుంటారు. ఎక్కాల్సిన ఎత్తులో ఇంకా 1,600 మీటర్లు మిగిలే ఉందన్న సంగతి గుర్తుండదు.

మేం సరిగ్గా అలాగే మోసపోయాం. ఒక్క రోజులో కొట్టేద్దామని తొమ్మిదింటికి బయల్దేరాం. అదే మొదటి తప్పు. క్నోర్ హ్యుట్టె (2,051 మీటర్లు) చేరేసరికి మూడు దాటింది. అక్కడి నుంచి పైకంతా విడి రాళ్ల వాలు. రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారుతుంది. నా కాన్వాస్ బూట్లలో రాళ్లు చేరి, ప్రతి పావుగంటకీ కూర్చుని దులుపుకోవాల్సి వచ్చింది. సోన్‌ఆల్పిన్ అనే రెస్టారెంటు దగ్గరికి చేరేసరికి ఐదున్నర. అక్కడి నుంచి కిందికి దిగే చివరి రైలు వెళ్లిపోయింది, శిఖరం మీద మబ్బు కూర్చుంది. వచ్చిన రాళ్ల మీదుగానే మళ్లీ కిందికి, క్నోర్ హ్యుట్టెకి. బుకింగ్ లేదు. వంటింటి అమ్మాయి మా బూట్లు చూసి ఒక నిట్టూర్పు విడిచి, పైన మిగిలిన మూల చూపించింది. ఆ రాత్రి తిన్న పప్పు సూప్ రుచి ఇప్పటికీ నోట్లో ఉంది. (శాకాహారులైతే అందులో సాసేజ్ ముక్కలున్నాయా అని ముందే అడగండి. చాలాచోట్ల వేస్తారు.)

మరుసటి ఏడు అదే దారిని రెండు రోజులకి విడగొట్టి వెళ్లాను. మొదటి రోజు రైన్‌టాలాంగర్ దాకా, తెల్లవారి ఆరింటికి మళ్లీ నడక. కొండ అదే, కాళ్లు అవే, అయినా పూర్తిగా వేరే అనుభవం. దారిలో మర్మోట్ల (ఉడుత జాతి కొండ జంతువులు) ఈలలు కూడా వినపడ్డాయి. మొదటిసారి మా ఆయాసంలో వాటిని వినే తీరిక ఎక్కడిది!

సోన్‌ఆల్పిన్ నుంచి శిఖరానికి చివరి 350 మీటర్ల ఎక్కుడు గురించి విడిగా చెప్పాలి. ముందు జారే రాళ్లు, ఆ పైన ఇనుప తాళ్లు కట్టిన రాతి అంచు. హార్నెస్ లేకుండానే చాలామంది వెళ్తారు. కానీ రెండు వైపులా ఖాళీ కనపడుతుంది. వర్షం పడినా, మంచు ఉన్నా అక్కడ పంతానికి పోవద్దు. సోన్‌ఆల్పిన్ నుంచి శిఖరానికి చిన్న కేబుల్ కార్ ఉంది, ఎక్కేయండి. మొత్తం నడవకపోతే లెక్కలోకి రాదనే స్నేహితుడు ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. అతన్ని నడవనివ్వండి.

## గాటర్ల్: ఒక్క రోజే ఉంటే

ఇది ఆస్ట్రియా వైపు నుంచి. ఎర్వాల్డ్ ఊరి నుంచి కేబుల్ కార్‌లో 1,500 మీటర్ల దగ్గరున్న ఎర్వాల్డర్ ఆల్మ్‌కి చేరితే, కొంత ఎక్కుడు టికెట్‌తోనే అయిపోతుంది. పచ్చిక బయళ్లు, మెడలో గంటలతో ఆవులు, ఆ పైన గాటర్ల్ అనే సందు. సరిహద్దు అక్కడే దాటుతాం. అది దాటాక క్నోర్ హ్యుట్టె వస్తుంది, అక్కడి నుంచి పైన చెప్పిన రాళ్ల వాలే, చివరి అంచు అదే.

రైన్‌టాల్‌కీ దీనికీ మధ్య తేల్చుకోలేని వాళ్లకి నా మాట: చూడటానికి రైన్‌టాల్ గొప్పది, చేరడానికి గాటర్ల్ నయం. మొదటిసారి, ఒకటే రోజు, శిఖరం చేరడమే ముఖ్యం అంటే గాటర్ల్. ఇబ్బంది ఒక్కటే. మ్యూనిక్ నుంచి కారు లేకుండా ఎర్వాల్డ్‌కి పొద్దున్నే చేరడం కష్టం, ఊళ్లో ముందు రాత్రి బస చేస్తే మేలు. శిఖరం నుంచి దిగేటప్పుడు ఆస్ట్రియా వైపు కేబుల్ కార్ ఎక్కాలి. జర్మనీ వైపు దిగితే మీ కారు ఒక దేశంలో, మీరు ఒక దేశంలో. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ బ్యాగులో ఉండాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

తేలిక దారి అన్నాను కదా, దాని వెనక ఉన్న ఒక చేదు నిజం కూడా చెప్పాలి. 2008 జూలై 13న ఎర్వాల్డ్ నుంచి శిఖరానికి పరుగు పందెం జరిగింది. వాతావరణం తిరగబడి వాన మంచుగా మారింది. పల్చటి బట్టలతో ఉన్న ఇద్దరు పరుగువీరులు చలికి చనిపోయారు. జూలై నెల, నాలుగింట్లో సులువైన వైపు! ఆ రోజు చంపింది దారి కాదు, చలి. అందుకే కింద ఊళ్లో 28 డిగ్రీలున్నా సరే, బ్యాగులో ఉన్ని టోపీ, గ్లౌజులు, వాన కోటు లేనివాళ్లని నేను వెంట తీసుకెళ్లను.

## ష్టోప్సెల్‌త్సీయర్: చిన్నది, నిటారైనది

పేరుకి అర్థం సీసా బిరడా తీసే మరసాధనం. రాతిలో సహజంగా ఏర్పడ్డ ఒక గుహలాంటి సందులోంచి మెలికలు తిరిగి పైకి వెళ్తాం కాబట్టి ఆ పేరు. ఐబ్‌సే నుంచి అడవిలో మొదలై, 2,209 మీటర్ల దగ్గర వీనర్ నోయ్‌ష్టాట్టర్ హ్యుట్టె, అక్కడి నుంచి శిఖరం దాకా ఇనుప తాళ్లు.

నేను వెనక్కి తిరిగింది ఇక్కడే. జూన్ చివర్లో వెళ్లాను. హ్యుట్టె పైన గిన్నెలా ఉన్న లోయంతా పాత మంచు గట్టిపడి ఉంది, తాళ్లు కొన్నిచోట్ల దాని కిందే ఉన్నాయి. ఆగస్టులో రమ్మన్నట్టు కనపడింది, వచ్చేశాను. రెండు మూడు తేలికపాటి తాళ్ల దారులు చేసి, అవి నచ్చినవాళ్లకి ఇది తర్వాతి మెట్టు. మంచు ముళ్ల గొడవ వేసవి చివర్లో మామూలుగా ఉండదు, రద్దీ కూడా హ్యోలెన్‌టాల్ అంత కాదు. పైనుంచి రాళ్లు పడతాయి. హెల్మెట్ తీయొద్దు, తల దువ్వుకోవడానికైనా సరే.

## హ్యోలెన్‌టాల్: ఫొటోల్లో ఉండేది

వాట్సాప్‌లో అందరూ ఊగిపోయేది దీని కోసమే. పేరుకి అర్థం నరకలోయ. అందంలో మాత్రం స్వర్గమే అని ఒప్పుకోవాలి. హోరెత్తే నీళ్ల ఇరుకు లోయ, 1,387 మీటర్ల దగ్గర హ్యుట్టె, ఆ పైన ఇనుప నిచ్చెన, నున్నటి రాతి పలక, హిమానీనదం, చివర రెండు మూడు గంటల ఇనుప తాడు. జర్మనీలో మిగిలిన కొద్దిపాటి హిమానీనదాల్లో ఇక్కడిది ఒకటి. కొండకి అవతలి వైపున్న దక్షిణ ష్నేఫెర్నర్ 2022లో ఆ హోదానే పోగొట్టుకుంది.

ఆ రాతి పలకని బ్రెట్ అంటారు, అంటే చెక్క పలక. అక్కడ అడుగు పెట్టడానికి రాతిలో కొట్టిన ఇనుప మేకులే ఉంటాయి, బూటు ముందు భాగం పట్టేంత. చేతికి చల్లటి తాడు. తాడుని రాతికి బిగించిన ప్రతిచోటా ఒక కొక్కెం తీసి అవతలికి వేసి, అది టక్‌మన్నాకే రెండోది తీయాలి. ఏ క్షణమూ రెండూ ఒకేసారి చేతిలో ఉండకూడదు. నలభై సార్లు చేశాక చెయ్యి దానంతటదే చేస్తుంది. ప్రమాదం సరిగ్గా అక్కడే, అలవాటు పడ్డాక మనసు పక్కకి పోతుంది. నా వెనక ఒక తాతగారు ఏమీ అనకుండా నిలబడి ఉన్నారు. ఆయన ఓపికే నాకు పెద్ద టెన్షన్.

అంతకంటే గుర్తుండిపోయింది మంచుకీ రాతికీ మధ్య పగులు. మంచు కరిగి రాతి నుంచి విడిపోయిన చోట చీకటి సందు, లోపలి నుంచి ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లగాలి, ఎక్కడో కింద నీళ్ల చప్పుడు. దాన్ని దాటి అవతల రాతికి అంటుకోవాలి. వేసవి ముదిరేకొద్దీ ఆ సందు వెడల్పవుతుంది, మంచు అద్దంలా గట్టిపడుతుంది. జూలైలో నీ స్నేహితుడు "ఏముంది, ఒక్క అడుగే" అన్నది సెప్టెంబర్‌లో నీకు పనికిరాదు.

నా సలహా మొహమాటం లేకుండా: మంచు మీద నడిచిన అనుభవం లేకపోతే గైడ్ లేకుండా వెళ్లొద్దు. దీనికి ముందు పక్కనే ఉన్న ఆల్ప్‌ష్పిట్సె తాళ్ల దారి చేసి చూడండి. అది నచ్చితేనే ఇది. యూట్యూబ్ చూసి నేర్చుకుని వెళ్లి, బ్రెట్ మధ్యలో ముందుకీ వెనక్కీ కదలలేక వెనక ముప్పై మందిని ఆపినవాళ్లు మనవాళ్లలోనూ ఉన్నారు. లోయలోని బాట వేసవిలోనే తెరుస్తారు, వరదలొస్తే అప్పుడూ మూస్తారు. బయల్దేరే ముందు తప్పక చూసుకోండి.

## ఎవరికి ఏది

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారా? ఈ నాలుగూ వదిలేసి ఐబ్‌సే కేబుల్ కార్. దాదాపు పది నిమిషాల్లో సుమారు 1,950 మీటర్లు ఎక్కేస్తారు కాబట్టి పైన కాసేపు తల తిరిగినట్టుంటుంది. నెమ్మదిగా నడిపించండి. బీపీ, గుండె సమస్యలుంటే డాక్టర్ని అడిగాకే. మీకు నడవాలని ఉంటే మీరు ముందు రోజు రైన్‌టాల్‌లో బయల్దేరి, వాళ్లని పైన కలవండి. మా అమ్మ ఆవకాయ చపాతీ చుట్టతో పైన ఎదురుచూసిన రోజు నాకు దక్కింది. సగం చపాతీని పసుపు ముక్కు కాకి ఒకటి చేతిలోంచే లాక్కుపోయింది. పైన అవి చాలా ఉంటాయి, జాగ్రత్త.

స్టూడెంట్లకి డబ్బు లెక్క ముఖ్యం. నడక ఉచితమే కానీ దిగే టికెట్ ఖరీదైనది, హ్యుట్టెకి విడిగా. జర్మన్ ఆల్పైన్ క్లబ్ సభ్యత్వం తీసుకుంటే క్లబ్ హ్యుట్టెల్లో పడకకి తక్కువ పడుతుంది, పైగా కొండల్లో రక్షణ ఖర్చులకి ఇన్సూరెన్స్ దానిలోనే ఉంటుంది. ఆస్ట్రియా వైపు హెలికాప్టర్ వస్తే బిల్లు మామూలుగా ఉండదు, ఇది చూసుకోండి. ఆపదలో రెండు దేశాల్లోనూ 112, ఆస్ట్రియాలో కొండల కోసం 140 కూడా.

పదేళ్ల పిల్లలున్నవాళ్లు రైన్‌టాలాంగర్ హ్యుట్టె దాకా వెళ్లి, రాత్రి పడుకుని వెనక్కి రండి. శిఖరం లేకుండానే పిల్లలకి అది ఏడాది చెప్పుకునే ట్రిప్.

రన్నింగ్, మారథాన్ వాళ్లు తొందరపడి హ్యోలెన్‌టాల్ పెట్టుకుంటారు. మీ కాళ్ల మీద నాకు అనుమానం లేదు. గాటర్ల్‌లో ముందు ఒకసారి వెళ్లి, చివరి అంచు మీద మీ తల ఏమంటుందో విని రండి.

## బయల్దేరే ముందు

జూలై మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకానే వెళ్లండి. వేసవిలో మధ్యాహ్నం పిడుగులు మామూలు. ఇనుప తాడు పట్టుకుని ఉన్నప్పుడు ఉరుము వినపడకూడదు. అందుకే తాళ్ల దారులు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ముగిసేలా చూసుకోండి, అంటే కింద ఐదింటికే నడక మొదలు.

హ్యుట్టెకి వారాంతాలైతే నెలల ముందే బుక్ చేయాలి. సన్నటి స్లీపింగ్ బ్యాగ్ లైనర్, కొంత నగదు తీసుకెళ్లండి. దిగే కేబుల్ కార్ చివరి ట్రిప్ ఎన్నింటికో ఆ వారంలోనే చూసుకోండి. సీజన్‌ని బట్టి మారుతుంది, వసంతంలోనూ శరత్తులోనూ మరమ్మతులకి కొన్ని రోజులు ఆపేస్తారు కూడా.

పైకి చేరాక బంగారు శిలువ దగ్గర ఫొటోకి చిన్న ఇనుప నిచ్చెన ఎక్కాలి, అక్కడ క్యూ. ఎండాకాలం శనివారమైతే ముందున్నవాళ్లలో సగం మంది చెప్పులతో వచ్చినవాళ్లే. ఫొటో కచ్చితంగా కావాలంటే మంగళవారమో బుధవారమో రండి.